సమాధానం: సైనిక పాలన మీద హారర్ కథ రాశాను, భయం ఎందుకు పుట్టడం లేదు?

మీ కథలో దెయ్యం నినాదంలా నిలబడింది, చిక్కు అక్కడే ఉంది. 1977 నాటి అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్‌లో మాయమైన కొడుకును ఆత్మగా తిప్పారు, మూడో పేజీలోనే దాని అర్థం కూడా చెప్పేశారు. అర్థం ముందే తెలిసిపోతే పాఠకుడికి టెన్షన్ ఉండదు.

1. ఆ వివరణ పేరా మొత్తం తీసేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆ హింస ఎలా పనిచేసిందో దెయ్యం కూడా అలాగే పనిచేయాలి. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 వరకు సైన్యం మనుషుల్ని ఎత్తుకెళ్లి, వాళ్లు మా దగ్గర లేరని చెప్పింది. శవం లేదు, కాబట్టి చావూ లేదు. ఫలానా రోజున పోయాడని చెప్పుకుని ఏడవడానికి కూడా తల్లికి వీల్లేదు. అలాంటప్పుడు కొడుకు చనిపోయినవాడిలా ఎలా తిరిగొస్తాడు? రానివ్వకండి. అతని మంచం మీద దుప్పటి రోజూ పొద్దున్నే నలిగి ఉంటుంది. తల్లి దాన్ని సర్దుతుంది, ఎవరికీ చెప్పదు. నాకైతే ఏ ఆత్మకన్నా ఆ దుప్పటిని చూస్తేనే ఎక్కువ భయం వేస్తుంది.

3. పక్కింటివాళ్లను వాడుకోండి. మనుషుల్ని ఎత్తుకెళ్లడానికి వాడిన నంబర్ ప్లేటు లేని ఫోర్డ్ ఫాల్కన్ కారు వీధిలో ఆగగానే కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. ఆ చప్పుడు చాలు.

4. చివర్లో నిజం బయటపెట్టకండి. మాయమైనవాళ్ల తల్లులు తెల్ల రుమాళ్లు కట్టుకుని గురువారాలు నిరసన తెలిపిన కూడలి ప్లాసా దె మాయో. అక్కడికి వెళ్లడానికి తల్లి తెల్ల రుమాలు తలకు కట్టుకుంటుంది. దుప్పటి మాత్రం సర్దకుండా వదిలేస్తుంది. అక్కడ ఆపేయండి.