నలభై వీడియోలు చూశాను, ఒక్క ఆటా రాలేదు

ప్రశ్న: సార్, మాది రాజాం దగ్గర పల్లెటూరు. డిగ్రీ రెండో సంవత్సరం. ఆరు నెలలుగా ఆన్‌లైన్‌లో గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్నాను. ఆఫర్‌లో వచ్చిందని ఒక పెద్ద కోర్సు కొన్నాను, యూట్యూబ్‌లో ఇంకో నలభై వీడియోలు చూశాను. వీడియో నడుస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆపేసి కొత్త ప్రాజెక్ట్ తెరిస్తే చెయ్యి కదలదు. నాకు బుర్ర లేదా, కోర్సు బాగోలేదా? పైగా నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది, అదొక టెన్షన్.
ఒక విద్యార్థి, రాజాం

జవాబు: రెండూ కావు తమ్ముడూ. ఇన్నాళ్లూ ఎవరో సైకిల్ తొక్కుతుంటే నువ్వు వెనక క్యారేజీ మీద కూర్చున్నావు, అంతే. ఆయన టైప్ చేసిందే నువ్వూ టైప్ చేశావు, ఆట నడిచింది, బాగుంది. కానీ బంతి ఎంత వేగంగా పోవాలి, శత్రువు ఎక్కడి నుంచి రావాలి, ఓడిపోతే ఏమవ్వాలి, వీటిలో ఒక్కటీ నువ్వు తేల్చలేదు, అన్నీ ఆయనే తేల్చాడు. అందుకే ఇక నుంచి ఒక పాఠం అయ్యాక రెండోది తెరవకు. వీడియో మూసేసి ఆ పాఠంలో లేని మార్పు ఒకటి చెయ్యి. పాంగ్ నేర్పించారనుకో, 1972 నాటి ఆట, రెండు బ్యాట్లు ఒక బంతి, అంతకంటే చిన్నది దొరకదు. అందులో బంతి తగిలిన ప్రతిసారీ బ్యాట్ కొంచెం పొట్టిదయ్యేలా చెయ్యి. వెంటనే రాదు. గంటసేపు తిట్టుకుంటావు. నువ్వు నిజంగా నేర్చుకునేది ఆ గంటలోనే.

నా సంగతి చెప్తాను. నా మొదటి ఆటలో బంతి ఒక్కో ఫ్రేముకి, అంటే స్క్రీన్ మీద బొమ్మ మారిన ప్రతిసారీ, 5 పిక్సెళ్లు (స్క్రీన్ మీది చుక్కలు) జరిగేలా రాశాను. నా పాత ల్యాప్‌టాప్‌లో సెకనుకి 60 ఫ్రేములు, అంటే 300 పిక్సెళ్లు, సుఖంగా ఉంది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఉండే ఫ్రెండ్ ఇంటికి పట్టుకెళ్లి గొప్పగా చూపిస్తే, వాడి 120 హెర్ట్జ్ స్క్రీన్ మీద, అంటే సెకనుకి 120 ఫ్రేములు చూపించేదాని మీద, అదే బంతి సెకనుకి 600 పిక్సెళ్ల వేగంతో దూసుకుపోయింది, వాడి చెల్లెలు ఒక్క బంతీ ఆపలేక కీబోర్డ్ పక్కకి నెట్టేసింది. మందు ఒక్క గుణకారమే. వేగాన్ని సెకనుకి ఇంత అని రాసుకుని, పోయిన ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ మధ్య గడిచిన సమయంతో గుణించాలి, దాన్నే డెల్టా అంటారు. కోర్సులో ఈ మాట మొదట్లోనే చెప్పారు, నేను తలూపుకుంటూ విన్నాను కూడా. ఆ అమ్మాయి ముందు పరువు పోయాక గానీ బుర్రకెక్కలేదు.

ఇక ల్యాప్‌టాప్. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ని గేమ్ ఇంజిన్ అంటారు. 4 జీబీతో అన్‌రియల్ అనే ఇంజిన్ జోలికి పోకు, యూనిటీ అనేది ఇన్‌స్టాల్ అవ్వడానికే జీబీలకు జీబీలు తింటుంది. గోడాట్ పెట్టుకో. అర్జెంటీనా వాళ్లు మొదలెట్టిన ఇంజిన్, 2014లో ఓపెన్ సోర్స్ అయింది, అంటే దాని కోడ్ అందరికీ తెరిచిపెట్టారు, పైసా కట్టక్కర్లేదు, రేపు ఆట అమ్ముకున్నా వాటా అడగదు. ప్రాజెక్ట్ మొదలుపెట్టేటప్పుడు కంపాటిబిలిటీ అని ఒక ఆప్షన్ ఉంటుంది, పాత మెషీన్లకి అదే మేలు. అందులో కోడ్ రాసే భాష పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి దగ్గరగా ఉంటుంది. దాని సైట్‌లోనే ‘మొదటి 2డి ఆట’ అని ఒక పాఠం ఉంది, చదువుకుంటూ చేసేది, వీడియో కాదు, డేటా కూడా మిగులుతుంది. అది అయ్యాక హార్వర్డ్ వాళ్ల సీఎస్50 గేమ్ డెవలప్‌మెంట్ కోర్సు చూడు. ఉచితం. పాంగ్‌తో మొదలెట్టి ఫ్లాపీ బర్డ్, మారియో తరహా ఆటల దాకా తీసుకెళ్తారు. కానీ ప్రోగ్రామింగ్ కాస్త వచ్చినవాళ్ల కోసం పెట్టింది, కొత్తలో దూకితే భయపడతావు.

ప్రశ్న: మా గుంటడు ఇంటర్ అయ్యాడు. గేమ్ డిజైన్ ఆన్‌లైన్‌లో నేర్చుకుంటాను, ఎనభై వేలు కట్టమంటున్నాడు. వాడికి కోడింగ్ రాదు, బొమ్మలు వెయ్యడం రాదు. అసలు డిజైన్ అంటే ఏం చేస్తారు బాబూ?
ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: అమ్మా, ఆటకి నియమాలు కట్టడమే డిజైన్. గుడి అరుగు మీద పులి-మేక గీతలు చూసే ఉంటారు. 3 పులులు, 15 మేకలు (కొన్నిచోట్ల లెక్క మారుతుంది). పులి మేక మీంచి దూకి చంపుతుంది, మేకలు చుట్టుముట్టి పులిని కదలకుండా కట్టేస్తాయి, మేకలన్నీ బల్ల మీదకి దిగేదాకా దిగిన మేక కదలకూడదు. ఇద్దరి బలం వేరు, గెలిచే దారి వేరు, అయినా ఆట సమంగా నడుస్తుంది, అది ఎవరో ఆలోచించి కుదిర్చిందే కదా. మీవాణ్ణి 15 బదులు 10 మేకలతో ఆడమనండి, తర్వాత 20తో. మేకలు దిగుతుండగానే కదలొచ్చు అంటే ఏమవుతుందో చూడమనండి. ఏ లెక్క దగ్గర ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆడారో నోటుబుక్కులో రాసుకోమనండి. సుద్దముక్క, చింతపిక్కలు చాలు. నెల రోజులు విసుక్కోకుండా చేస్తే అప్పుడు ఫీజు మాట మాట్లాడుకోవచ్చు. నాలుగు రోజుల్లో వదిలేశాడా, ఎనభై వేలు మీ దగ్గరే ఉన్నాయి.

కట్టాల్సివస్తే మాత్రం ముందు ఒకటి అడగండి: మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు చేసిన మూడు ఆటలు ఇప్పుడే మా ఫోన్‌లో ఆడించండి అని. నేను అడక్కుండా ఒకచోట కట్టాను. యూట్యూబ్‌లో ఊరికే దొరికే పాఠాలే స్క్రీన్ షేర్ చేసి చూపించారు.

ప్రశ్న: కోర్సు సర్టిఫికెట్ చూపిస్తే స్టూడియోల్లో ఉద్యోగం ఇస్తారా?
బొబ్బిలి పాఠకుడు

జవాబు: సర్టిఫికెట్ కాదు, మీరు చేసిన ఆట ఆడుకోవడానికి లింక్ అడుగుతారు. చిన్నదైనా మొదలూ చివరా ఉన్న ఆట ఒకటి పెట్టుకోండి. ఉద్యోగ ప్రకటనల్లో యూనిటీ, అన్‌రియల్ పేర్లే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి గోడాట్‌తో చెయ్యి తిరిగాక అందులో ఒకటి పట్టుకోండి.

ప్రశ్న: ఆట పూర్తయింది. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఏం చెయ్యాలి?
ఎచ్చెర్ల నుంచి

జవాబు: ముందు అభినందనలు, ఇక్కడిదాకా వచ్చేవాళ్లు తక్కువ. గూగుల్‌కి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. ఇప్పుడు కొత్తగా తెరిచే వ్యక్తిగత అకౌంట్ అయితే కనీసం 12 మంది వరసగా 14 రోజులు టెస్టర్లుగా, అంటే విడుదలకి ముందే ఆడి చూసేవాళ్లుగా, చేరి ఉండాలి, ఆ తర్వాతే అందరికీ విడుదల చెయ్యడానికి అనుమతి అడగ్గలరు. అంతమంది ఎక్కడ దొరుకుతారంటే, సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలొస్తారు కదా, ఫోన్లు తీసుకుని చేర్పించెయ్యండి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే లెక్క దెబ్బతింటుంది, కాబట్టి పదిహేను ఇరవై మందిని పెట్టుకోండి. ఈలోపు ఇచ్.ఐఓ అని చిన్న ఆటలు పెట్టుకునే సైట్‌లో ఉచితంగా పెట్టేస్తే బ్రౌజర్‌లోనే ఆడుకుంటారు.

వాళ్లు ఆడేటప్పుడు మీరు పక్కనే ఉండండి, నోరు మాత్రం విప్పకండి. మీ పిన్ని ఏ బటన్ నొక్కాలో తెలీక స్క్రీన్ అంతా తడుముతుంటే చెప్పెయ్యాలనిపిస్తుంది. చెప్పకుండా, ఆవిడ ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద రాసుకోండి.