లూయిస్ హైన్ కోటు గుండీలు

చి. అమ్మలూకి,

ఆశీస్సులు. ఇటుక బట్టీల కూలీల ఫొటోలు తీస్తానని రాశావు, సంతోషం. లెన్సుల సంగతి తర్వాత చూద్దాం. ముందు, అమెరికాలో మిల్లుల్లో పనిచేసే పిల్లల ఫొటోలు తీసిన లూయిస్ హైన్ ఫొటో ఒక్కటి దగ్గర పెట్టుకో. 1908 నవంబరు, దక్షిణ కరోలినాలోని లాంకస్టర్ నూలుమిల్లు. యంత్రాల బారు పక్కన ఓ చిన్నపిల్ల. దానికి హైన్ రాసుకున్నది ఇంతే: పేరు సేడీ ఫైఫర్, ఎత్తు 48 అంగుళాలు, పనిలో చేరి ఆర్నెల్లు. జాలి మాట ఒక్కటీ లేదు.

ఆ ఎత్తు ఎలా తెలిసిందనుకున్నావు? తన కోటు గుండీలు నేల నుంచి ఎన్ని అంగుళాల్లో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకునేవాడు. పిల్ల తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసి, జేబులో చెయ్యి పెట్టి అక్కడే కాగితం మీద గీకేవాడు. టేపు తీస్తే మేస్త్రీలు ఊరుకోరు కదా. వయసు అడిగితే పిల్లలు నేర్పిన జవాబే చెప్తారు, ఎత్తును ఎవరూ నేర్పలేరు. నువ్వూ కొలుచుకో, కానీ ఆ రోజు వేసుకునే చెప్పులతోనే. మడమ మారితే అంగుళం తేడా వస్తుంది. ఎత్తు చూసి వయసు మాత్రం తేల్చెయ్యకు. తిండి చాలని పిల్లలు పొట్టిగానే ఉంటారు.

రాతపని సాయంత్రానికి వాయిదా వేశావో, ఒకరి కూలి ఇంకొకరి ఫొటో కిందకి పోతుంది. పని గంటలు, వెయ్యి ఇటుకలకు ఎంత, అడ్వాన్సు ఎంత, ఈ మాట చెప్పిందెవరు, అన్నీ అక్కడే రాయి. చూసింది వేరు, విన్నది వేరు. కెమెరా పిల్లల కంటి ఎత్తులో పెట్టు. నిలబడి పైనుంచి తీస్తే ఉన్నదానికంటే చిన్నగా పడతారు.

హైన్ ఇన్‌స్పెక్టరనో, బైబిళ్ళు అమ్ముతాననో చెప్పి లోపలికి వెళ్ళేవాడు. నువ్వు ఆ వేషాలు వెయ్యకు, బయటపడితే దెబ్బ కూలీల మీదే పడుతుంది. గేటు దగ్గర షిఫ్టు మారేదాకా కాచుకునేవాడు చూడు, అది నేర్చుకో. ఇలాంటి పిల్లల పేర్లు, ముఖాలు అచ్చు వెయ్యడం మన బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. చేతులు తియ్యి, వీపు వైపు నుంచి తియ్యి. పిల్లలు పనిలో కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పు.

ఒక్క ఏడాదిలో ఫలితం రాలేదని దిగులుపడకు. అమెరికాలో బాలకార్మికుల మీద 1916లో వచ్చిన చట్టాన్ని 1918లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. నిలబడే చట్టం 1938లో గానీ రాలేదు. హైన్ 1940లో పేదరికంలోనే పోయాడు. అయినా ఆయన ఫొటోలు అయిదువేలకు పైగా అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో రాతలతో సహా ఉన్నాయి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైల్లోని తేదీ, వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపు. మొదటి రోజు ఫొటోలతో పాటు నోటుబుక్కు కూడా తెచ్చి చూపించు.

మీ పెదనాన్న