ఆదివారం వస్తోందంటేనే గుండె దడ

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, వారంలో ఆరు రోజులు బడి. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి లేచి ఇంటిల్లిపాదికీ వండి సండే స్కూలుకి పరుగెత్తుతాను. తర్వాత క్వయిరు, మధ్యాహ్నం స్త్రీల కూడిక. మా వంతు వస్తే పాస్టరుగారికి భోజనం. శుక్రవారం ఉపవాస ప్రార్థన. వాక్యం వింటూ కునికిపాట్లు పడుతున్నాను, ఊరికే ఏడుపొస్తోంది. మావారు 'దేవుని పనిలో అలసటేంటి' అంటారు. అత్తయ్యగారు బద్ధకం అంటారు. విశ్రాంతి కోరుకోవడం నా విశ్వాసంలో లోపమా?

జవాబు: లోపం కాదమ్మా. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసుకో అని అడిగితే దేవుడు అతన్ని మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి తినిపించాడు. హోరేబు కొండ మీద దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే (1 రాజులు 19).

మీవారితో మాట్లాడేటప్పుడు 'నాకు ఓపిక లేదు' అని మొదలుపెట్టకండి, అది వాదనలోకి దిగుతుంది. నిర్గమకాండము 20:8-11 ఇద్దరూ కలిసి చదవండి. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, ఇంట్లో ఉన్న పరదేశి... విశ్రాంతి దినాన ఎవరెవరు పని మానాలో అక్కడ పేరుపేరునా ఉంది. అంటే ఇంటి పెద్ద తాను కూర్చుంటే చాలదు, తన ఇంట్లో ఇంకెవరూ పనిలో నలగకుండా చూడాలి. ద్వితీయోపదేశకాండము 5:15లో కారణం కూడా ఉంది: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారని గుర్తుంచుకోండి. ఆ దాసులు మూడు రోజుల ప్రయాణం పోయి బలి అర్పించడానికి సెలవడిగితే 'మీరు సోమరులు' అన్నది ఐగుప్తు రాజు ఫరో. (ఈ ముక్క మాత్రం అత్తయ్యగారి ముందు ఎత్తకండి.)

తర్వాత సంఘం పని. మీ చేతిలో మూడు బాధ్యతలున్నాయి, ఒకటి ఉంచుకుని రెండు వదలండి. నా సలహా అడిగితే ఆ రెండింటిలో సండే స్కూలు ఒకటి కావాలి. ఆరు రోజులు పిల్లలతో గడిపినవాళ్లకు ఏడో రోజూ అదే పని అప్పజెప్పడం ఏ సంఘానికైనా సులువే గానీ, మీకు మాత్రం అది బడికి ఏడో రోజు. దేవాలయ సేవకే దావీదు కాలంలో యాజకులను 24 వంతులుగా విభజించారు (1 దినవృత్తాంతములు 24). బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా తన వంతు రోజులు కాగానే ఇంటికి వెళ్లిపోయాడని లూకా 1:23 చెబుతోంది. పాస్టరుగారికి ఇంతే చెప్పండి: 'అయ్యగారూ, నెల రోజుల్లో సండే స్కూలు, స్త్రీల కూడిక బాధ్యతలు వేరేవాళ్లకు అప్పగిస్తాను. ఈ నాలుగు వారాలూ వాళ్ల పక్కన ఉండి పని చూపిస్తాను. క్వయిరు కొనసాగిస్తాను.' కారణాలు వరస పెట్టకండి. ఒక్కో కారణానికీ ఒక్కో పరిష్కారం చెబుతారు, చివరికి మూడు పనులూ మీ దగ్గరే ఉంటాయి.

ఇక విశ్రాంతి వేళ. రోజంతా అనుకుంటే మొదటి వారమే చెడుతుంది. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఆరు గంటలతో మొదలుపెట్టండి. దానికి శనివారమే సిద్ధం కావాలి. అరణ్యంలో దేవుడు కురిపించిన ఆహారం మన్నా కూడా ఆరో రోజున రెండింతలు ఏరుకుని, వండుకోవలసింది ముందే వండుకోమన్నారు (నిర్గమకాండము 16). శనివారం సాయంత్రం ఇడ్లీ పిండి రుబ్బి పెట్టండి, పులిహోరకు చింతపండు పులుసు ఉడికించుకోండి. బట్టల ఇస్త్రీ మీవారికి, గిన్నెలు తోమడం పిల్లలకు అప్పగించండి. ఆదివారం మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం. రాత్రికి ఆ పిండితోనే ఇడ్లీ, అదీ మీవారి చేత. ఇడ్లీ రాయిలా వచ్చినా మాట్లాడకుండా తినండి. మీరు లేచి వెళ్లి సరిచేశారా, మరుసటి వారం నుంచి పొయ్యి మళ్లీ మీదే.

ఆ ఆరు గంటల్లో మొదట నిద్ర, తర్వాత మీకు నచ్చినది ఏదైనా. ఫోను పక్క గదిలో పెట్టండి. పడుకుని సంఘం వాట్సాప్ గ్రూపు చూడటం విశ్రాంతి కాదు, అందులో ఇంకో పని కనబడుతుంది. మొదటి రెండు మూడు వారాలు తప్పు చేస్తున్నట్టు అనిపించడం మామూలే. అప్పుడు లేచి గది ఊడ్చేయకండి. ఈ ఆరు గంటలు దక్కినా మిగతా ఆరు రాత్రుల నిద్ర లోటును అవి పూడ్చలేవు, పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటలు కావాలి.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకండి. కునికిపాట్లు, ఏడుపు కేవలం అలసటే కాకపోవచ్చు. రక్తహీనతలోనూ, థైరాయిడ్ తగ్గినప్పుడూ ఇలాగే ఉంటుంది. డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించండి. గర్భవతులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. ఫలితం వచ్చేదాకా శుక్రవారం ప్రార్థనకు తిని వెళ్లండి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే, లేదా బతకాలని లేదనిపిస్తే, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

వచ్చే ఆదివారం పాస్టరుగారి భోజనం వంతు మీదే అయితే, ఆ పై వారం నుంచి మొదలుపెట్టండి.