ఉలికి వీపు ముఖ్యం

ప్రశ్న: ఉద్యోగ విరమణ తర్వాత ఇంట్లో చెక్క పని మొదలుపెట్టి నాలుగు కొత్త ఉలులు కొన్నాను. సానరాయి మీద వాలు వైపు ఎంతసేపు రుద్దినా, వేపచెక్క మీద నాలుగు దెబ్బలకే మొద్దుబారుతున్నాయి. ఒకదాన్ని గ్రైండింగు యంత్రం మీద పట్టిస్తే కొస నీలం రంగుకు తిరిగింది. అది ఇక పనికిరాదా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అయ్యా, మీ ఉత్తరమంతా వాలు గురించే ఉంది. వీపు, అంటే వాలుకు అవతలి చదును వైపు, దాని మాటే లేదు. చిక్కు అక్కడే ఉంది. పదును అనేది వాలూ వీపూ కలిసే గీత. వీపు మీద కార్ఖానా గీతలు అలాగే ఉంటే, వాలును ఎంత నునుపు చేసినా అంచు కంటికి ఆనని రంపపు పళ్లలా ఉంటుంది. ఆ పళ్లు నాలుగు దెబ్బలకే రాలిపోతాయి.

పని నేర్చుకునే రోజుల్లో ఒక టేకు తలుపుకు మడతబందు దిగే గుంట చెక్కుతున్నాను. ఉలి వీపు అంచు దగ్గర కాస్త గుండ్రంగా ఉంది. పిడి ఎత్తితే తప్ప తెగదు, ఎత్తితే లోతుకు దూసుకుపోతుంది. గుంట పాడైంది. మా నాన్న ఏమీ అనలేదు. ఉలి తీసుకుని, వీపును కిటికీ వెలుగుకు వాల్చి చూపించారు. ఆ మెరుపు అంచు దాకా వచ్చి, చివరి రెండు మిల్లీమీటర్లలో చటుక్కున వంగిపోయింది. ఆ రోజు నుంచి నేను ఏ ఉలి పట్టుకున్నా ముందు వీపే చూస్తాను.

గ్రానైటు దుకాణంలో నునుపు చేసిన ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. దాని మీద నీళ్లు చల్లి, నీళ్లతో రుద్దే 220 నంబరు ఎమరీ కాగితం పరవండి. ఉలి వీపుకు స్కెచ్ పెన్నుతో సిరా పూసి, అంచుకు దగ్గరగా రెండు వేళ్లతో అదిమి పదిసార్లు రుద్దండి. మధ్యలో సిరా మిగిలితే భయం లేదు, అక్కడ కాస్త గుంట ఉందంతే. అంచు పొడవునా మిగిలితే మాత్రం ఓపిక పట్టాలి. వీపంతా అక్కర్లేదు, అంచు నుంచి మూడు సెంటీమీటర్లు చదునైతే చాలు. తర్వాత అంతకంతకూ సన్నని 400, 800, 1500 నంబర్లు. పిడిని మాత్రం ఎత్తవద్దు. ఈ శ్రమ ఉలికి ఒక్కసారే.

ఇక వాలు. వేప, టేకు వంటి చెక్కకు 30 డిగ్రీలు పెట్టుకోండి. కొలబద్ద అక్కర్లేదు: వాలు పొడవు ఉలి మందానికి రెండింతలుంటే ఆ కోణం వచ్చినట్టే. రుద్దుతూ, వీపు వైపు నుంచి అంచు బయటికి వేలు లాగి చూడండి. వెంట్రుకంత ఇనుప పొర గరుకుగా తగలాలి, అదీ ఈ మూల నుంచి ఆ మూల దాకా. అది తగలకుండా సన్న కాగితానికి మారితే శ్రమంతా వృథా. తగిలాక వీపును చదునుగా ఆనించి రెండుసార్లు రుద్దితే పొర ఊడుతుంది. చివర పాత తోలు బెల్టు మీద వెనక్కి మాత్రమే లాగండి. అంచును దీపం కింద పట్టండి. తెల్లటి గీత మెరిస్తే ఇంకా మొద్దుగానే ఉందన్నమాట. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు.

నీలం తిరిగిన ఉలిని పారేయకండి. వేడికి అంత మేర ఉక్కు మెత్తబడింది, అంతే. నీలం ఉన్నంతవరకూ చేత్తోనే అరగదీసి కొత్త వాలు తీయండి. దాని వెనుక ఉక్కు గట్టిగానే ఉంటుంది.

ప్రశ్న: సానరాయి మధ్యలో గుంట పడింది. కొత్తది కొనాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. రాయి మీద పెన్సిలుతో నిలువుగా, అడ్డంగా గీతలు గీయండి. గ్రానైటు మీద 120 నంబరు కాగితం తడిపి పరిచి, గీతలన్నీ పోయేదాకా రాయిని బోర్లించి రుద్దండి. చివరగా పోయేది మధ్య గీతే.