వాయిదా కట్టగలరా అన్నది కాదు, జీతం ఆగితే ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటాము. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో పని చేస్తున్నాను. నెలకు చేతికి 78,000 రూపాయలు వస్తాయి. నా భార్య ప్రైవేటు పాఠశాలలో టీచరు, ఆమె జీతం 18,000. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. నాన్నకు 72 ఏళ్లు, అమ్మకు 66. మా మేనమామ కాలం చేశాక ఆయన దాచుకున్న 300 పైచిలుకు ఎల్పీ రికార్డులు నా దగ్గరికి వచ్చాయి. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం రికార్డు కూడా వాటిలో ఉంది. వాటిని వినవలసిన తీరులో వినాలని నా కోరిక. చెన్నైలోని ఒక దుకాణంలో రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ 1,60,000, ముల్లు కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ 55,000, ఆ సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్ 60,000, ఆంప్లిఫయర్ 1,40,000, నిలువు స్పీకర్లు 2,00,000, కేబుళ్లు, స్టాండు 35,000, మొత్తం 6,50,000 అని లెక్క వేసి ఇచ్చారు. 10,000 అడ్వాన్సు కట్టాను. మిగిలిన దానికి బ్యాంకులో ఉన్న 90,000 తీసి, 4,00,000 పర్సనల్ లోను 13 శాతం వడ్డీకి నాలుగేళ్ల గడువుతో, నా భార్య హారం మీద 1,50,000 గోల్డ్ లోను 11 శాతానికి తీసుకోవాలనుకుంటున్నాను. సీజన్ చివర వచ్చే 60,000 బోనస్‌తో గోల్డ్ లోను కొంచెం కొంచెం తీరుస్తాను. కిందటి ఏడాది రెండు నెలల జీతం ఆలస్యమైంది కానీ, తర్వాత వచ్చేసింది. 4 లక్షల చీటీ ఒకటి కడుతున్నాను, ఇంకా 14 వాయిదాలు ఉన్నాయి. దాన్ని ఇప్పుడే పాడుకుంటే వడ్డీ కలిసివస్తుందా? ఈ అప్పుల్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ తీసుకుంటే మంచిది?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది, దాన్ని మీరు పక్క మాటగా రాసి దాటేశారు. కిందటి ఏడాది రెండు నెలల జీతం ఆలస్యమైందన్నారు. ఆ రెండు నెలలూ ఇల్లు ఎలా గడిచిందో మీరు రాయలేదు గాని, మీ బ్యాంకులో ఉన్న ఆ కాస్త డబ్బు వల్లనే గడిచి ఉంటుందని నేను అనుకుంటున్నాను. ఇప్పుడు ఆ డబ్బునే మొదట తీసి దుకాణంలో పెడతానంటున్నారు. మీరు అడిగింది ఏ అప్పు చవక అని. నా జవాబు ఏ అప్పూ వద్దని. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే పొరపాటుతో నెలకు కనీసం ఇద్దరు ముగ్గురు తిరుపతిలో నా ఎదుట కూర్చుంటున్నారు. ఒకరిది బండి, ఒకరిది గృహప్రవేశం, మీది సంగీతం, అంతే తేడా.

ముందు మీరు పంపిన ఖర్చుల పట్టీనే చూద్దాం. ఇంటి అప్పు వాయిదా 19,500, ఇంటి ఖర్చు 34,000, పిల్లల ఫీజులు నెలవారీగా పంచితే 11,000, చీటీ 10,000, పెద్దవాళ్ల మందులు 4,500, పాలసీలు, ఫోన్లు వగైరా 5,000, మొత్తం 84,000. ఇద్దరి సంపాదన 96,000లో మిగిలేది 12,000. పర్సనల్ లోను వాయిదా 10,731 అవుతుంది. మిగిలిన 1,269 రూపాయల్లోంచి గోల్డ్ లోను వడ్డీ, నెలకు 1,375 చొప్పున, పక్కన పెట్టాలి. అంటే జీతాలు రెండూ ఒకటో తేదీన పడిన నెలలో కూడా మీకు వంద రూపాయల పైన లోటు. ఇందులో వడ్డీ ఎంత తగ్గించగలమన్న చర్చకు చోటే లేదు. నాలుగేళ్లలో ఆ ఒక్క పర్సనల్ లోను మీద మీరు కట్టే వడ్డీ దాదాపు 1,15,000, అంటే మీ ఆంప్లిఫయర్ ధరకు కొంచెం తక్కువ. దుకాణం వాళ్లు వడ్డీ లేని వాయిదాలు ఇస్తామంటే అటూ వెళ్లకండి. సున్నా వడ్డీ పథకాల్లో వడ్డీ ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది.

మీ ఉద్యోగం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. తోతాపురి కాయ మీద ఆధారపడిన పరిశ్రమ అది. 2025 సీజన్‌లో ధర పడిపోయి, రైతులకు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వవలసి వచ్చింది, ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డాయి. గుజ్జు డ్రమ్ములు అమ్ముడుపోక గోదాములో ఉండిపోతే యాజమాన్యం మొదట ఆపేది బోనస్, తర్వాత జీతాలు. మీరేమో గోల్డ్ లోను తీర్చడానికి ఆ బోనస్‌నే లెక్కలో వేసుకున్నారు. ఒకే కాయ మీద మీ జీతం, మీ బోనస్, మీ అప్పు మూడూ వేలాడుతున్నాయి.

బంగారం ఉందిగా, అత్యవసరం వస్తే అదే ఆదుకుంటుందని మన జిల్లాలో చాలామంది ధైర్యం. ఆ మాటలో నిజముంది, హారం బీరువాలో ఉన్నంతవరకు. ఇల్లు కట్టినప్పుడు మిగతా నగలు అమ్మేశామని, మిగిలింది ఈ ఒక్క హారమేనని మీరే రాశారు. సరదా కోసం దాన్ని కుదువ పెట్టేశాక, ఆపద వచ్చిన రోజు కుదువ పెట్టడానికి ఏం మిగులుతుంది? ఏడాది తిరిగేసరికి అసలు కట్టలేక, వడ్డీ మాత్రం కట్టి లోను తిరగరాయించుకునేవాళ్లు ఎంతమందో ఏ గోల్డ్ లోను ఆఫీసు కౌంటరు దగ్గర పది నిమిషాలు నిలబడినా తెలుస్తుంది.

కొన్నేళ్ల కిందట పుత్తూరు వైపు నుంచి ఒకాయన వచ్చారు. చొక్కా జేబులోంచి తాకట్టు చీటీ తీసి నా బల్ల మీద పరిచారు. నాలుగు మడతలుగా మడిచి, చెమటకు నాని, మడతల దగ్గర అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. నగల బరువు రాసిన గడి మాత్రం చక్కగా కనిపిస్తోంది, దాని మీదే వేలు పెట్టి కూర్చున్నారు. కొడుకు బండి కోసం ఆ నగలు పెట్టారు. మూడు నెలలకు వాళ్ల నాన్న బాత్‌రూములో జారి పడితే తుంటి ఎముక విరిగింది. వేలూరు తీసుకుపోయారు, ఆపరేషన్‌కు ముందు డబ్బు కట్టమన్నారు. ఇంట్లో నగ లేదు, బ్యాంకులో నిల్వ లేదు. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చారు. నెలకు 6,000 చొప్పున 19 నెలలు కట్టాక నా దగ్గరికి వచ్చారు. 1,14,000 వెళ్లిపోయింది, అసలు రెండు లక్షలూ అలాగే ఉంది. ఆయన తాగుబోతు కాదు, దుబారా మనిషి కాదు. చేతిలో ఆరు నెలల ఖర్చు లేకపోవడం ఒక్కటే ఆయన తప్పు. మీ నాన్నగారికి 72 ఏళ్లు. మీ కంపెనీ ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు లేరని మీరే రాశారు. అందుకే ఆ తాకట్టు చీటీ నాకు మళ్లీ గుర్తుకు వచ్చింది.

మీకు కావలసిన అత్యవసర నిధి ఎంతో చెబుతాను. చీటీ తీసేస్తే మీ నెల ఖర్చు 74,000. సీజన్ మీద నడిచే ఉద్యోగం, మీ మీద ఆధారపడిన పెద్దవాళ్లు ఇద్దరు, పిల్లలు ఇద్దరు; కాబట్టి ఆరు నెలలకు తగ్గకూడదు. అంటే 4,44,000. మీ దగ్గర ఉన్నది 90,000, ఇంకా 3,54,000 కావాలి. ఈ మొత్తంలో ఒక నెల ఖర్చు పొదుపు ఖాతాలో ఉంచి, మిగిలింది యాభై వేల చొప్పున విడివిడి డిపాజిట్లుగా వేయండి. అవసరానికి ఒకటి రద్దు చేసుకున్నా మిగతావి కదలకుండా ఉంటాయి. అన్నీ మీ ఇద్దరి పేరిట, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉండాలి. మీరే ఆసుపత్రి మంచం మీద ఉన్న రోజున మీ సంతకం కోసం మీ శ్రీమతి ఎదురుచూడవలసి వస్తే ఆ నిధి ఉండీ లేనట్లే. ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది కనుక మీ మొత్తానికి ఒకే బ్యాంకు చాలు. మ్యూచువల్ ఫండ్లు, వాటిలో నెలనెలా వేసే సిప్‌లు ఈ నిధి నిండాక మాట్లాడుకోవచ్చు.

బోనస్‌కు నేను వేరే పని చెబుతాను. అది వస్తే మొదట మీ అమ్మగారికి ఆరోగ్య బీమా తీసుకోండి. 66 ఏళ్లకు ప్రీమియం బరువుగానే ఉంటుంది, ఇంకా ఆలస్యం చేస్తే మరింత బరువవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు, ఆ మేరకు ఊరట. 70 దాటిన నాన్నగారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. వెంటనే చేయించండి, మీరు వెళ్లే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో ఇప్పుడే, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, అడిగి తెలుసుకోండి. మీ 50 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ ఇంటి అప్పు పోగా ఇద్దరు పిల్లలకు చాలదు, కోటికి పెంచండి.

ఇక చీటీ. దయచేసి ఇప్పుడు పాడుకోకండి. ఇన్నాళ్లు కట్టి, చివరి 14 వాయిదాల ముందు తగ్గింపుకు పాడుకుంటే ఓపిక పట్టినందుకు వచ్చే లాభాన్ని మీరే వదిలేసుకున్నట్లు. చివరిదాకా ఉంటే 5 శాతం కమీషన్ పోయినా 3,80,000 చేతికి వస్తుంది. ఈ 14 నెలలూ, లోను వాయిదాకు కట్టగలననుకున్న ఆ 12,000నే డిపాజిట్లలో వేస్తే 1,68,000. ఇప్పుడున్న 90,000 కలిపితే మొత్తం 6,38,000. చూశారా, అప్పు చేసి మీరు దుకాణానికి కట్టబోయేది 6,40,000. అప్పు లేకుండా 14 నెలల్లో మీ దగ్గర చేరేదీ దాదాపు అంతే. అయితే అందులోంచి 4,44,000 మీద ఎవరి చెయ్యీ పడకూడదు. మిగిలే 1,94,000 మీ సంగీతానిది, దాన్ని నిశ్చింతగా ఖర్చు పెట్టండి.

అంత తక్కువలో ఏం వస్తుందని మీరు అనుకోవచ్చు. నేను ధ్వని నిపుణుణ్ణి కాను గాని, మీరు పంపిన పట్టీని ఖర్చుల కంటితో చదివితే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సంకేతం సాధారణంగా అర మిల్లీవోల్టు, లేదా అంతకన్నా తక్కువ. మూవింగ్ మాగ్నెట్ అనే మరో రకం కార్ట్రిడ్జ్‌ది నాలుగైదు మిల్లీవోల్టులు ఉంటుంది. అంత చిన్న సంకేతాన్ని రొద లేకుండా పెంచడానికే మీ పట్టీలో ఆ 60,000 రూపాయల ప్రీయాంప్ వచ్చి చేరింది. మూవింగ్ మాగ్నెట్‌తో మొదలుపెడితే, ఫోనో ఇన్‌పుట్ లోపలే ఉన్న ఆంప్లిఫయర్ సరిపోతుంది, ఆ రెండు పద్దుల 1,15,000 దాదాపు మొత్తం తగ్గిపోతుంది. ముల్లు అరిగాక మూవింగ్ మాగ్నెట్‌లో ముల్లు ఒక్కటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. మూవింగ్ కాయిల్‌లో చాలా వాటికి కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి, లేదా బాగుచేయడానికి పంపాలి. ముల్లు ఆయుష్షు చాలా వరకు 500 నుంచి 1000 గంటలు. రోజుకు రెండు గంటలు వింటానన్నారు. నాలుగేళ్లకు 2,900 గంటలు దాటుతుంది. వెయ్యి గంటలు మన్నుతుందనుకున్నా, ఈ అప్పు తీరేలోగా 55,000 రూపాయల వస్తువు రెండుసార్లు అరిగిపోతుంది, మూడోది కూడా అరిగే దశకు వస్తుంది. ఆ ఖర్చు మీ లెక్కలో ఎక్కడా లేదు.

ఇది పెట్టుబడి కూడా అని ఉత్తరం చివర రాశారు. కాదు. పెట్టె విప్పిన రోజునే అది పాత సామాను అవుతుంది, వాడిన కార్ట్రిడ్జ్‌కు చెప్పుకోదగ్గ ధర ఉండదు, చిత్తూరులో కొనేవాళ్లు దొరకరు, చెన్నైకో బెంగళూరుకో మోసుకెళ్లాలి. డబ్బు అవసరమైన వారంలో అది జరిగే పని కాదు. మీ గది పదకొండు అడుగులకు పన్నెండు అన్నారు. అంత గదిలో పెద్ద నిలువు స్పీకర్లకన్నా స్టాండు మీద పెట్టే చిన్న జత మేలు. పెద్దవైతే కింది స్వరం గోడలకు కొట్టుకుని మూలుగుతుంది. మీ మేనమామ గారి రికార్డుల్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత పలకలు కూడా ఉంటే వాటి గాడి వెడల్పు వేరు, వాటికి వేరే ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు వాటి మీద ఆనించకండి. టర్న్‌టేబుల్ ఎంచుకునేటప్పుడు ఈ రెండు వేగాలు, రెండు ముళ్ల సంగతి ముందే అడగండి. ఎండాకాలం వచ్చేలోగా రికార్డులను అడ్డంగా పేర్చి ఉంచినవి తీసి నిలువుగా, నీడపట్టున పెట్టండి. వంగిపోయిన రికార్డును ఏ ఖరీదైన యంత్రమూ సరిగా పలికించలేదు.

అడ్వాన్సు కట్టిన 10,000 పోతుందేమోనన్న దిగులు మీ ఉత్తరంలో రెండు చోట్ల కనిపించింది. ఆ పదివేలు కాపాడుకోవడానికి ఐదున్నర లక్షల అప్పులో దిగకండి. దుకాణానికి ఫోన్ చేసి, ఈ ఏడాది కొనడం లేదని నేరుగా చెప్పి డబ్బు వెనక్కి అడగండి. వాళ్లు వెనక్కి ఇవ్వబోమంటే, అదే మొత్తానికి రికార్డులు శుభ్రం చేసే బ్రష్షు, ద్రావణం, కొత్త లోపలి కవర్లు ఇమ్మనండి. 300 రికార్డులు ఒక్కొక్కటీ తుడిచి, కవరు మార్చి సర్దడానికి మీకు ఈ 14 నెలల్లో సగం ఆదివారాలు పడతాయి.