అనంతగిరి దిగే ముందు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఎనిమిది ఫొటోలనూ ఫోనులో పెద్దవి చేసి ఒక్కొక్కటిగా చూశాను. కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైకు మంచిదే కొన్నావు. ఫ్రేము మీద అతుకుల దగ్గర ఎక్కడా పగులు కనిపించలేదు, రిమ్ములు వంకర పోలేదు. వాడిన బండి అయినా పెట్టిన డబ్బుకు మోసం లేదు.

వచ్చే నెల స్నేహితులతో వికారాబాద్ వెళ్లి అనంతగిరి కొండల్లో తొక్కాలని ఉందనీ, అంతలోపు ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపులు మింగే మంచి ఫోర్కు ఒకటి వేయించాలనుకుంటున్నాననీ, ఏది కొనమంటావనీ అడిగావు. ఇప్పుడు ఏ ఫోర్కూ కొనకు తల్లీ. నీ ఉత్తరం చివర్లో మాటవరసకన్నట్టు ఒక వాక్యం రాశావు చూడు, వెనక బ్రేకు కీచుమంటుంటే తుప్పు వదిలించే స్ప్రే కొట్టాననీ, చప్పుడు ఆగిపోయిందనీ. అది చదివాక నాకు ఫోర్కు సంగతి గుర్తుకు రాలేదు. ఆగింది చప్పుడు మాత్రమే కాదు, ఆ బ్రేకు పట్టు కూడా పోయి ఉంటుంది. కొండాపూర్‌లో మీ ఇంటి ముందు వీధిలో అది తెలియదు. అనంతగిరి వాలులో తెలుస్తుంది.

కాబట్టి ఈ రోజు నుంచే ఆ సైకిలు బయటకు తీయకు. బ్రేకు ప్యాడ్లలోకి ఆ స్ప్రేలోని నూనె ఒకసారి ఇంకితే మళ్లీ బయటకు రాదు. గరుకు కాగితంతో రుద్దేవాళ్లను, మంట మీద కాల్చేవాళ్లను చూశాను. రెండు రోజులు బ్రేకు బాగానే పట్టినట్టు ఉంటుంది, వేడెక్కగానే లోపలి నూనె పైకి వస్తుంది. కొత్త ప్యాడ్లు వెయ్యి. కొనే ముందు, ఆ ప్యాడ్లు నొక్కి పట్టే డిస్కు మీద అచ్చు వేసిన అక్షరాలు చదువు. ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటే రెసిన్ ప్యాడ్లే వేయాలి. లోహపు పొడితో చేసిన ప్యాడ్లు బురదలో ఎక్కువ కాలం మన్నుతాయన్నది నిజమే, కానీ ఆ రకం డిస్కును అవి తొందరగా తినేస్తాయి. డిస్కు మందం కూడా కొలువు. షిమానో కంపెనీ డిస్కు కొత్తగా ఉన్నప్పుడు 1.8 మిల్లీమీటర్లు ఉంటుంది, 1.5కు వచ్చిందంటే దాని పని అయిపోయింది. ప్యాడ్ల మీద రాపిడి పదార్థం అర మిల్లీమీటరుకు దిగితే అవీ అంతే.

డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ఉతికిన నూలుగుడ్డతో తుడువు. ఇంట్లో మిగిలిపోయిన చేతుల శానిటైజర్ వాడకు, అందులో గ్లిజరిన్ కలుపుతారు. తుడిచిన తరువాత డిస్కును వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు కూడా జిడ్డే. కొత్త ప్యాడ్లు వేశాక వాటికి డిస్కుతో జత కుదరాలి. ఖాళీగా ఉన్న రోడ్డు మీద కాస్త వేగం అందుకుని, చక్రం బిగుసుకుపోకుండా, నడక వేగానికి వచ్చే వరకు ఒక్కో బ్రేకూ పట్టి వదులు. ఇరవై సార్లు చెయ్యి. మొదటి నాలుగైదు సార్లు ఏమీ పట్టదు, భయపడకు. తరువాత పట్టు పెరగడం నీ వేళ్లకే తెలుస్తుంది. ఈ పని చేయకుండా నేరుగా కొండకు వెళ్లకు.

చక్రం విప్పి ఉన్నప్పుడు బ్రేకు మీట నొక్కవద్దు. లోపలి పిస్టన్లు ముందుకు వచ్చి కూర్చుంటాయి, డిస్కు మళ్లీ దూరదు. ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టి ఉంచు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి పనిచేసే అలవాటు కూడా మానుకో. మీట దగ్గరి గిన్నెలో ఉన్న గాలి బుడగ గొట్టంలోకి చేరితే మీట మెత్తబడుతుంది. ఆయిలు తక్కువైందని ఎవరైనా అంటే మోటారు సైకిళ్ల దుకాణంలో దొరికే డాట్ ఆయిలు తెచ్చి పోయకు. షిమానో బ్రేకులకు మినరల్ ఆయిలు. స్రామ్ వాళ్ల బ్రేకుల్లో చాలావాటికి డాట్, ఈ మధ్య కొన్నింటికి మినరల్. ఒకదానిలో ఒకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. ఏది పోయాలో మీట మూత మీదే రాసి ఉంటుంది, ఎవరినీ అడగక్కరలేదు.

ఇక చైను. బాలానగర్ కార్ఖానాలో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేశాను. చేరిన మొదటి వారమే మా పెద్ద మేస్త్రీ నా చేతిలోని స్పానరు తీసుకుని వెర్నియరు పెట్టాడు. కొలవకుండా ఏ ముక్కనూ విప్పవద్దన్నాడు. నీ చైను ఫొటో చూస్తే అరిగిందనిపిస్తోంది, కానీ అనిపించడం మీద డబ్బు ఖర్చు పెట్టకు. ఒక ఉక్కు స్కేలు తీసుకో. చైనులో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. అంటే ఇరవై నాలుగు కీళ్ల పొడవు సరిగ్గా పన్నెండు అంగుళాలు, 304.8 మిల్లీమీటర్లు. పెడలు మీద కాస్త బరువు ఉంచి, చైను బిగుతుగా ఉండగా కొలువు. నీది వెనక ఎనిమిది గేర్ల బండి కనుక ముప్పావు శాతం, అంటే 307 మిల్లీమీటర్లు దాటితే మార్చెయ్యి. పదకొండు, పన్నెండు గేర్ల బళ్లకైతే అర శాతానికే మార్చాలి.

చైను సాగిందని అందరూ అంటారు. నిజానికి ఇనుము సాగదు. ప్రతి కీలు దగ్గరా పిన్నూ, దాన్ని పట్టి ఉన్న లోపలి పలకా ఒకదాన్నొకటి ఒరుసుకుని వెంట్రుకవాసి అరుగుతాయి. ఆ అరుగుదల నూటికి పైగా కీళ్లలో కలిసి మొత్తం చైనులో ఒక సెంటీమీటరు అవుతుంది. అలా పొడుగైన చైను పళ్ల చక్రాల మీద సరిగా కూర్చోలేక ప్రతి పంటినీ ఒక పక్కకు కొరుకుతుంది. అప్పుడు చైను ఒక్కటీ మారిస్తే సరిపోదు, కొత్త చైను పాత పళ్ల మీద జారిపోతుంది, వెనక పళ్ల చక్రాల గుత్తి, అంటే క్యాసెట్, కూడా కొనాలి. దాని ధర చాలాసార్లు చైనుకు రెండు మూడింతలు ఉంటుంది. చవక వస్తువును వేళకు మార్చి ఖరీదైన దాన్ని కాపాడుకోవడం ఇదే. ఈ ఒక్క కొలత నెలకోసారి చూసుకుంటే చాలు.

నూనె వేయడంలో మనవాళ్లకు ధారాళం ఎక్కువ. వాడేసిన ఇంజను ఆయిలు, కొబ్బరినూనె, ఏది దొరికితే అది పోస్తారు. మన ఎర్రమట్టి, మొరం దుమ్ము వాటికి అంటుకుని గరుకు కాగితంలాంటి ముద్ద తయారవుతుంది. మొదట పాత మురికిని కిరసనాయిలుతోనో డీగ్రీజరుతోనో బ్రష్షు పెట్టి కడుగు. ఆ తడి డిస్కు వైపు చిందకుండా చూసుకో. పూర్తిగా ఆరనివ్వు. ఆ తరువాత ఒక్కో కీలుకు ఒక్క చుక్క. రాత్రి వేసి పొద్దున పైపైన ఉన్నదంతా తుడిచెయ్యి, నూనె పనిచేసేది లోపలే. వేసవిలో పొడి రకం లూబ్రికెంటు, వానల్లో తడి రకం. వేసవిలో తడి రకం వేస్తే గండిపేట కట్ట దాకా వెళ్లి వచ్చేసరికి చైను నల్లబడిపోతుంది.

టైర్ల విషయంలో నీ ఫొటోలు నన్ను సంతోషపెట్టాయి. పక్క గోడ మీద 57-584 అని స్పష్టంగా కనిపిస్తోంది. నువ్వు ఇరవై ఏడున్నర అంగుళాల చక్రం అంటున్నావు కానీ దుకాణంలో ఈ 584 అంకె చెప్పు. ఇరవై ఆరుకు 559, ఇరవై తొమ్మిదికి 622. అంగుళాల పేర్లతో పొరపాట్లు జరుగుతాయి, ఈ మిల్లీమీటర్ల అంకెతో జరగవు. గాలి ముప్పై పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రాళ్ల మీద రిమ్ము తగలనంత వరకు ఒక్కో పాయింటూ తగ్గించి చూడు. నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్, ఇరవై మూడు కిలోమీటర్లది, ఉంది కదా. అక్కడికి వెళ్లే రోజు కాస్త ఎక్కువ కొట్టు. అదే గాలితో ఖాజాగూడ రాళ్ల మీదకు వెళ్తే టైరు ఎగిరెగిరి పడుతుంది, పట్టు ఉండదు.

పంక్చర్ల మాట. మన దగ్గర టైరుకు అసలు శత్రువు గాజుపెంకు కన్నా పల్లేరు కాయ. తరువాత సర్కారు తుమ్మ ముల్లు. చెరువు గట్ల వెంబడి తొక్కిన వాళ్లందరికీ ఇది తెలుసు. ఇంటికి రాగానే చక్రం తిప్పుతూ వేళ్లతో నెమ్మదిగా తడిమి చూడు, సగం ముళ్లు ట్యూబు దాకా వెళ్లకముందే దొరుకుతాయి. ట్యూబ్‌లెస్ చేయిస్తే సీలెంటు ఈ చిన్న రంధ్రాలను తనే పూడ్చుకుంటుంది. అయితే మన ఎండలకు ఆ ద్రవం లోపలే ఎండి పొరలా అంటుకుపోతుంది. వేసవిలో రెండు నెలలకోసారి వాల్వు విప్పి, ఉందో లేదో చూసి, పోస్తూ ఉండాలి. ఆ ఓపిక ఉంటేనే చేయించు. వాల్వు సన్నరకం అయితే పెట్రోలు బంకు గొట్టం పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టరు సంచిలో ఉంచుకో.

ఫోర్కు కన్నా ముందు నువ్వు తెలుసుకోవలసింది వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బు గురించి. చవక బళ్లలో పళ్ల చక్రాల గుత్తిని హబ్బుకు మర మీద బిగిస్తారు, అది ఫ్రీవీలు. దానివల్ల కుడివైపు బేరింగు లోపలికి జరిగిపోయి, ఇరుసు బయటి భాగానికి ఆధారం ఉండదు. రాళ్ల మీద దూకితే ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. మెరుగైన బళ్లలో క్యాసెట్ ఎక్కించే ఫ్రీహబ్బు ఉంటుంది, బేరింగు దాదాపు అంచు దాకా వస్తుంది. నీది ఏదో తేల్చడం తేలిక. చక్రం విప్పి, పళ్లను వెనక్కు తిప్పు. మధ్యలో పనిముట్టు పట్టే గాళ్లు పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీలు. ఫ్రీవీలు అయితే నీ దగ్గరున్న డబ్బు వెనక చక్రానికే పోవాలి, ఫోర్కుకు కాదు.

ఎప్పుడైనా ఫోర్కు కొనే రోజు వస్తే నాలుగు సంగతులు రాసుకుని దుకాణానికి వెళ్లు: హ్యాండిలు కిందికి దిగే గొట్టం నిలువునా 28.6 మిల్లీమీటర్లేనా, కింద లావుగా ఉందా, చక్రం సైజు, ఇరుసు తొమ్మిది మిల్లీమీటర్లదా, పదిహేనుదా, ఎంత లోతు కుంగుతుంది. ఆ లోతు ఇప్పుడున్న దానికన్నా ఇరవై మిల్లీమీటర్లు పెరిగితే ముందు భాగం లేచి హ్యాండిలు కోణం సుమారు ఒక డిగ్రీ వెనక్కు వాలుతుంది, బండి నడకే మారిపోతుంది. నీ బరువుకు తగ్గట్టు సర్దుకునే గాలి ఫోర్కు స్ప్రింగు ఫోర్కు కన్నా మేలే. కానీ దానికి యాభై గంటలు తొక్కాక కింది కాళ్లు విప్పి ఆయిలు మార్చాలి. నేర్పిస్తాను.

కడగడం గురించి గట్టిగా చెప్పాలి. పోయిన వానాకాలం నా సైకిలు బురదతో నిండిపోతే, చెయ్యి నొప్పిగా ఉందని ఒక బైకుల వాటర్ సర్వీసింగ్ దుకాణంలో ఇచ్చాను. పిచికారీ గొట్టంతో రెండు నిమిషాల్లో మెరిపించారు. మూడు వారాలకు హ్యాండిలు తిప్పితే ఇసుక నలిగిన చప్పుడు. విప్పితే బేరింగుల్లో గ్రీజు లేదు, ఎర్రటి నీళ్లు ఉన్నాయి. అంత వేగంతో కొట్టిన నీరు ఏ సీలునైనా దాటుతుంది. బాల్కనీలో బకెట్టు నీళ్లు, మగ్గు, స్పంజి చాలు.

నీకు తెలుసో లేదో, ఈ మౌంటెన్ బైకు పుట్టుకలోనే గ్రీజు ఉంది. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాతకాలపు లావు టైర్ల సైకిళ్లతో కొండ మట్టిదారి మీద పందేలు పెట్టుకునేవాళ్లు. మొదటిది 1976 అక్టోబరు 21న జరిగింది. వెనక హబ్బులో ఉండే బ్రేకు ఆ దిగుడుకు కాగి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతి పరుగు తరువాతా హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరుకోవలసి వచ్చేది. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు వచ్చింది. గ్రీజు అంటిన చేతులను చూసి నీకు ఎప్పుడైనా చికాకు కలిగితే ఆ కుర్రాళ్లను తలుచుకో.

పనిముట్లు ఒకేసారి డబ్బా కొనకు. నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల ఎలెన్ కీలు, డిస్కు మరలకు నక్షత్రం మొన ఉన్న టీ25 కీ, చైను విరిచే పనిముట్టు, పంపు. ఇవి కోఠి ఇసామియా బజార్‌లోని సైకిలు దుకాణాల్లోనూ రాణిగంజ్‌లోనూ దొరుకుతాయి. హ్యాండిలు పట్టే మరల మీద 5 ఎన్ఎం, అంటే న్యూటన్ మీటర్లు, అని ఉంటే, పది సెంటీమీటర్ల కీ చివర ఐదు కిలోల సంచి వేలాడదీసినంత బిగువు, అంతే. బలం చూపిస్తే మర తెగుతుంది. పెడళ్ల విషయంలో ఎడమదానిది ఎదురు మర. స్పానరును పైన ఉంచి ముందు చక్రం వైపు తోస్తే రెండూ బిగుస్తాయి, వెనక్కు లాగితే రెండూ వదులవుతాయి. గ్రీజు రాయకుండా పెడలు ఎక్కించకు. గేర్లు మార్చే యంత్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, హ్యాంగరు, ఒకటి అదనంగా కొని సంచిలో వెయ్యి. అది మెత్తగా ఉండి ముందు వంగిపోవడానికే పెట్టిన ముక్క. ప్రతి ఫ్రేముకూ వేరు కనుక కొండ మీద ఎవరి దగ్గరా నీకు సరిపోయేది దొరకదు.

ఆదివారం సైకిలును మీ నాన్న కారులో వేసుకుని రా, తొక్కుకుంటూ రావద్దు. ప్యాడ్లు కొనకుండా రా, డిస్కు కొలిచాకే కొందాం. చైను మార్చాల్సి వస్తే పాతది పారేయను. రెండూ పక్కపక్కన మేకుకు వేలాడదీస్తే తేడా నీకే కనిపిస్తుంది. మీ అత్తయ్య ఉప్మా చేస్తానంది, తొమ్మిదిలోపు చేరుకో. ఆ తరువాత వాకిట్లోకి ఎండ వస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య