హ్యామర్ కనబడితే ఆగండి, మర్నాటి క్లోజ్ చూశాకే కొనండి

నెల రోజులుగా పడుతున్న షేర్‌లో డైలీ చార్ట్ మీద హ్యామర్ (చిన్న ఒళ్లు, కింద పొడవాటి తోక ఉండే క్యాండిల్) వచ్చిందని, ట్రెండ్ తిరుగుతుందనుకుని కొన్నానని, నాలుగు రోజుల్లో ఇంకా పడిందని మీరు రాశారు. క్యాండిల్ (ఒక రోజు మొదలైన, ముగిసిన, అత్యధిక, అత్యల్ప రేట్లు చూపే బొమ్మ) ప్యాటర్న్‌లతో రివర్సల్, అంటే ట్రెండ్ తిరగడం, నిజంగా పట్టుకోవచ్చా అని అడిగారు. పట్టుకోవచ్చు, కానీ ఒక్క క్యాండిల్‌తో కాదు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

2019లో అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. డోజీ, ఎంగల్ఫింగ్, మార్నింగ్ స్టార్, షూటింగ్ స్టార్... బొమ్మలన్నీ బట్టీ పట్టాను. ఏది ఎక్కడ వస్తే పనికొస్తుందో మాత్రం అక్కడ చెప్పలేదు.

2020 మార్చి 13, శుక్రవారం. పొద్దున్నే నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 10 శాతం పడి లోయర్ సర్క్యూట్ తగిలింది, 45 నిమిషాలు ట్రేడింగ్ ఆపేశారు. 8,555 దాకా వెళ్లిన నిఫ్టీ అదే రోజు 9,955 దగ్గర క్లోజ్ అయింది, అంటే మార్కెట్ మూసేసరికి అక్కడుంది. ముందు రోజు రెడ్ (పడిన రోజు) క్యాండిల్‌లో సగానికి పైగా ఈ గ్రీన్ (పెరిగిన రోజు) క్యాండిల్ ఎక్కేసింది. పుస్తకంలో ఉండే పియర్సింగ్ ప్యాటర్న్ అచ్చం అదే. బాటమ్ వచ్చేసిందని సోమవారం పొద్దున్నే దాచుకున్న డబ్బులో చాలా భాగం పెట్టేశాను. ఆ రోజే నిఫ్టీ 9,197కి దిగింది. 23న 7,610. 24న 7,511 దాకా వెళ్లింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక నిద్ర పట్టలేదు.

తర్వాత అదే చార్ట్‌ను ఎన్నిసార్లు చూశానో. 13న హై (ఆ రోజు అత్యధిక రేటు) 10,159. ఆ పైన సోమవారం క్లోజ్ కాలేదు, ఆ నెలలోనే కాలేదు. అదే 25న నిఫ్టీ 8,317 దగ్గర, అంతకు ముందు రెండు రోజుల హై కన్నా పైన క్లోజ్ అయింది. అక్కడ కొన్నవాళ్లు అట్టడుగు రేటు పట్టుకోలేదు, అయినా పోగొట్టుకోలేదు. ఒక్క ఉదాహరణతో రూల్ తయారవదు, నిజమే. కానీ ఆ తర్వాత ఏ ప్యాటర్న్ కనబడినా, దాని హై పైన ఇంకో క్యాండిల్ క్లోజ్ అయ్యేదాకా నేను ముట్టుకోవడం లేదు.

మా మామయ్యది బోయిన్‌పల్లి మార్కెట్‌లో టమాటా వ్యాపారం. ఆయన మాటల్లోనే నాకు హ్యామర్ అర్థమైంది. పొద్దున రేటు బాగా పడుతుంది, ఎనిమిదింటికి హోటళ్లవాళ్లు వచ్చి ఎగబడి కొంటే మళ్లీ మొదటి రేటుకు వస్తుంది. హ్యామర్‌లో ఆ పొడవాటి తోక అదే: కింది రేటుకు కొనేవాళ్లు ఈ రోజు ఉన్నారు. రేపు మదనపల్లె నుంచి ఇంకో నాలుగు లారీలు దిగితే రేటు మళ్లీ పడుతుంది. ఆ సంగతి ఈ రోజు క్యాండిల్‌లో ఉండదు.

చోటు కూడా చూడండి. హ్యామర్‌కు అర్థం బాగా పడిన తర్వాత వస్తేనే, అదీ ఇంతకుముందు రేటు ఆగి వెనక్కి తిరిగిన సపోర్ట్ దగ్గర వస్తే ఇంకా మంచిది. అదే ఆకారం బాగా పెరిగాక పైన వస్తే దాన్ని హ్యాంగింగ్ మ్యాన్ అంటారు, అది పడుతుందేమోనన్న హెచ్చరిక. రోజుకు వెయ్యి షేర్లు కూడా చేతులు మారని చిన్న షేర్లలో ఏ ఆకారమూ నమ్మదగ్గది కాదు. ఇంకోటి, మధ్యాహ్నం రెండింటికి కనబడే హ్యామర్ హ్యామర్ కాదు. మూడున్నరకు మార్కెట్ మూసేసరికి అది నిండు రెడ్ క్యాండిల్ అయిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఎన్ని కొనాలో కూడా క్యాండిలే చెబుతుంది. హ్యామర్ హై 420, లో (అత్యల్ప రేటు) 400 అనుకోండి. 420 పైన క్లోజ్ అయ్యాక 422కి కొంటే స్టాప్ లాస్ (అక్కడికి పడితే అమ్మేసే రేటు) 398. షేరుకు 24 రూపాయల రిస్క్. లక్ష రూపాయలు ఉంటే ఒక ట్రేడ్‌లో వెయ్యికి మించి పోగొట్టుకోకూడదని నా పద్ధతి, కాబట్టి 41 షేర్లే. తక్కువ అనిపిస్తుంది. కానీ వరసగా ఐదు ప్యాటర్న్‌లు ఫెయిలైనా ఆరోదానికి డబ్బు మిగిలి ఉంటుంది.

ఈ ప్యాటర్న్‌లు చూసి ఆప్షన్స్‌లోకి (గడువు తేదీ ఉండే కాంట్రాక్టులు) మాత్రం దయచేసి వెళ్లకండి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క. మీరు చూసిన రివర్సల్ నిజమే అయినా, అది వారం ఆలస్యంగా వస్తే ఈలోగా ఆప్షన్ విలువ కరిగిపోతుంది.

ఇక మీ చేతిలో ఉన్న షేర్. హ్యామర్ తోక చివర ఏ రేటుందో ఈ రాత్రే చూడండి. దాని కింద క్లోజ్ అయి ఉంటే ఆ హ్యామర్ ఫెయిలైనట్టే, మీరు కొన్న కారణం ఇప్పుడు లేదు. తక్కువ రేటుకు ఇంకా కొని యావరేజ్ చేయకుండా రేపు అమ్మేయండి. ఇంకా పైనే ఉంటే ఆ రేటుకు కాస్త కింద స్టాప్ లాస్ పెట్టి మీ పని మీరు చూసుకోండి.